పసుపు కింద ఊదా గీత

నేను పని మానేసి రెండేళ్లయింది. చేతులు మాత్రం మానలేదు. ఏ కాయితం దొరికినా ముందు వెనక్కి తిప్పుతాను, తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి చూస్తాను. మందుల చీటీ అయినా అంతే, శుభలేఖ అయినా అంతే. మొన్న మా మనవరాలు మార్కుల కాయితం చేతికిస్తే దాన్నీ అలాగే తిప్పాను. "తాతా, ఎనకాల ఏటీ లేదు" అని నవ్వింది. లేదని నాకూ తెలుసు. చూడకుండా ఉండలేను. కుర్చీలో పది నిమిషాలు నిలవలేను, లేచి వరండాలోకి వెళ్తాను, మళ్లీ వస్తాను. మా ఆవిడ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. కాదనడానికి నాకు నోరు లేదు.

ఇటాలియన్ కోర్టు తీర్పుల్ని ఇంగ్లీషులోకి మార్చడం ఇరవై ఆరేళ్లు నా వృత్తి. యాంగోన్‌లో ఆ పనితో ఎవరికి అవసరం అని అడుగుతారు. ఓడ మనుషులకి. ఈ ఊళ్లో వీధికొక ఓడ మనిషి ఉంటాడు. వాళ్లలో ఎవడో ఒకడు జెనోవాలోనో నాపోలీలోనో చిక్కులో పడతాడు. చెయ్యి విరుగుతుంది, తగువవుతుంది, సరుకు పోతుంది. కొన్నేళ్లకి అక్కణ్ణుంచి ఒక కాయితం వస్తుంది. అందులో ఏముందో ఓడల్లోకి మనుషుల్ని పంపే ఇక్కడి ఏజెంటుకీ వకీలుకీ ఇంగ్లీషులో కావాలి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి పదాల పట్టిక అడుగుతున్నారు. ఉంది, ఇస్తాను. పట్టికతోనే పని వస్తుందనుకుంటే మాత్రం మీ ఇష్టం. నేను చేసిన తప్పు పట్టికలో దొరకదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ఉల్లిపాయల బడి

నాకు ఇటాలియన్ బడిలో రాలేదు, ఓడ వంటగదిలో వచ్చింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి, మనవాళ్లు రంగం అనే ఈ యాంగోన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. మా నాన్న అదే రేవులో క్రేను దగ్గర పనిచేశాడు. నేను ఒక మెట్టు పైకెక్కి ఓడలో పడ్డాను. పదకొండేళ్లు ఒక ఇటాలియన్ ఓడలో వంటవాడికి చేదోడు. ఆ వంటవాడు జెనోవా మనిషి, లావుపాటివాడు, ముక్కు మీద కోపం. నేను ఉల్లిపాయలు కోస్తుంటే పక్కన కూర్చుని పాత పేపర్లలోని కోర్టు వార్తలు గట్టిగా చదివేవాడు. ఎవడు దొంగిలించాడు, ఎవడికి ఎన్నేళ్లు పడ్డాయి, ఎవడు అప్పీలుకి పోయాడు. ఆ భాషలో మర్యాదగా ఒకరిని భోజనానికి పిలవడం నాకు ఇప్పటికీ సరిగా రాదు. శిక్ష, విడుదల, అప్పీలు మాత్రం ఉల్లి ఘాటుతో పాటు ఒంట్లోకి దిగిపోయాయి.

నడుము పట్టేసి నలభయ్యో ఏట ఓడ దిగాను. ఓడ మనుషుల కేసులు చూసే డా ఖిన్ ఏ అనే వకీలు నన్ను పనిలో పెట్టుకుంది. అందరూ ఆవిణ్ణి సయామా అనేవారు. బర్మా మాటలో పంతులమ్మకీ గౌరవించాల్సిన పెద్దావిడకీ అదే పిలుపు. ఆవిడ పేరు ముందు డా, నా పేరు ముందు ఊ, రెండూ ఇక్కడి గారు లాంటివే. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ ఆకుపచ్చ పెన్సిలు. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. ఇరవై మూడేళ్లలో నన్ను రెండుసార్లు మెచ్చుకుంది, అందులో ఒకటి నా గొడుగుని. ఆవిడ పోయి ఐదేళ్లయింది. ఇప్పటికీ ఒక వాక్యం పూర్తి చెయ్యగానే ఆ పెన్సిలు కోసం చూస్తాను.

ఎవరికి ఫైనల్?

చేరిన మొదటి నెలలోనే ఒక సివిలు తీర్పు వచ్చింది. సరుకు ఓడ చేపల పడవని గుద్దిన కేసు. పైన 'సెంతెన్సా డెఫినిటీవా' అని ఉంది. నేను హాయిగా 'ఫైనల్ జడ్జిమెంట్' అని టైపు కొట్టి ఇచ్చాను. సయామా ఫైనల్ చుట్టూ పచ్చగా సున్నా చుట్టింది.

"ఎవరికి ఫైనల్, ఊ సూర్యా?"

"కోర్టుకి, సయామా."

"ఏ కోర్టుకి?"

సయామా పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"ఆ కోర్టులో పని అయిపోయింది, అంతే కదా. ఓడినవాడు పై కోర్టుకి పోవచ్చా, పోకూడదా? అది చెప్పకుండా ఫైనల్ అని రాస్తే మనవాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు. అవతలివాడు నిద్రపోడు."

ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. సివిలు తీర్పు మీద డెఫినిటీవా అని ఉంటే, ఆ జడ్జి ముందు ఆ వ్యాజ్యం ముగిసిందని అర్థం. అప్పీలుకి ఇంకా దారి ఉంది. ఎజెకుటీవా అంటే అప్పీలు ఉన్నా లేకపోయినా ఇప్పుడే అమలు చేయించుకోవచ్చు. పస్సాతా ఇన్ జుదికాతో అంటే మామూలు అప్పీలు దారులన్నీ మూసుకుపోయి ఆ తీర్పు నిలిచిపోయిందని. క్రిమినల్ తీర్పు అలా నిలిచిపోతే ఇర్రెవొకాబిలే అంటారు, ఇక తిప్పడానికి వీల్లేనిదని. ఈ నాలుగింటికీ ఫైనల్ అనే ఒకే చొక్కా తొడిగే మహానుభావుల్ని చాలామందిని చూశాను. మీరు అలా చెయ్యకండి. పొడుగైనా ఫరవాలేదు, విడమరిచి రాయండి. ఈ కోర్టులో ముగిసింది, అప్పీలుకి వీలుంది అనో, ఇక మామూలు అప్పీలుకి వీల్లేదు అనో. వకీళ్లు రెస్ జుడికాటా అనే లాటిన్ మాట పెట్టమంటారు. పెట్టండి, పక్కన మనుషుల మాట కూడా పెట్టండి.

ఇంకో సంగతి. తీర్పు నిలిచిపోయిందన్న మాట తీర్పులో ఉండదు. చెప్పిన రోజున అది నిలుస్తుందో లేదో జడ్జికి కూడా తెలియదు. గడువు దాటాక, ఎవరూ పైకి పోలేదని చూసుకుని, కోర్టు గుమాస్తా చివరి పేజీ అంచున ఒక ముద్ర కొట్టి తేదీ వేస్తాడు. ఎవరైనా పైకి పోతే అదీ అక్కడే రాస్తాడు. ముప్పై పేజీల తీర్పులో మనిషి బతుకుని తేల్చేది అగ్గిపెట్టెంత చోటు. అందుకే సయామా నియమం: ముందు చివరి పేజీ, దాని అంచులు, దాని వెనక, అదీ కిటికీ వెలుతురులో. ఆ తర్వాతే మొదటి పేజీ. పదహారేళ్లు ఆ నియమం తప్పలేదు. పదిహేడో ఏట తప్పాను.

అప్పలమ్మ తెచ్చిన కాయితం

అప్పలమ్మ తాకేటా బజార్లో ఎండుచేపలు అమ్మేది. మావాళ్లే, మా తాతతో పాటు రేవుకి వచ్చిన కుటుంబం. ఆవిడ కొడుకు నూకరాజు ఒక ఓడలో రంగులు వేసేవాడు. రంగు డబ్బాల గది తాళం వాడి దగ్గరుండేది. ఒక ఇటాలియన్ రేవులో ఆ గదిలో మత్తుమందు పొట్లాలు దొరికాయి. వాణ్ణి ఎనిమిది నెలలు అక్కడే లోపల ఉంచి, చివరికి వాడికి సంబంధం లేదని విడిచిపెట్టారు. ఇంటికొచ్చాడు, బాగానే ఉంది. కానీ కేసు పూర్తిగా ముగిసిందని కాయితం చూపిస్తే తప్ప ఏజెంటు మళ్లీ ఓడ ఎక్కించనన్నాడు. ఆ రేవులో ఓడ మనుషులకి సాయం చేసే ఒకావిడ కోర్టు నుంచి తీర్పు నకలు తీయించి పోస్టులో పంపింది. అది చేరేసరికి తీర్పు వచ్చి ఐదు నెలలు దాటింది.

అప్పలమ్మ దాన్ని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చింది.

"సూరన్నా, మావోడు గెలిసినాడు. పైడితల్లమ్మోరి ముందు ఎట్టి తెచ్చినాను. నువ్వే సదవాల."

గుడ్డ విప్పాను. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు. చివరి పేజీకీ నాలుగు మూలలా పసుపు, మీద కుంకుమ బొట్టు. ఆవిడ చెయ్యి పెద్దది, ముద్దగా పెట్టింది, ఎండి పెచ్చు కట్టింది. శుభమైన కాయితానికి మన ఇళ్లలో పసుపు పెట్టకుండా ఉంటామా? నేను మొదటిసారి ఓడెక్కినప్పుడు, ఏ ఓడలో ఎన్నాళ్లు చేశామో రాసే నా ఓడ పుస్తకానికి మా అమ్మా పెట్టింది. ఈ ఊళ్లో చెంపలకి తనాఖా చెక్క గంధం, కాయితాలకి పసుపు అని నేనే వేళాకోళం చేసేవాణ్ణి.

చివరి పేజీ కింది కుడి మూలన, పసుపు అంచు దాటి సన్నగా ఊదా సిరా కనిపించింది. గోరు ఎత్తాను.

"తుడిసీకు అన్నా!" అంది అప్పలమ్మ. "గెలిసిన కాయితం. అమ్మోరి ముందెట్టింది."

గోరు దించేశాను. ఆవిడ మాటకి విలువిచ్చి దించానని ఎన్నాళ్లో చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. నాకూ భయమేసింది. ఒక తల్లి పెట్టిన పసుపుని గోరుతో గీకడానికి చేతులు రాలేదు. పరాయి అనువాదకుడైతే తడిగుడ్డతో తుడిచి పారేసేవాడు. నేను మనవాణ్ణి కాబట్టి తుడవలేదు.

తర్వాత లెక్కలు కట్టాను. ఐదు నెలలైంది, అప్పీలు గడువు దాటింది. మూలన ఏదో ముద్ర ఉంది. గడువు దాటాక కొట్టే ముద్ర ఇంకేముంటుంది? ఆ నెల సయామా మాండలేలో ఉంది, చూసి సంతకం పెట్టే పని నా మీదే వదిలి వెళ్లింది. నేను ఇంగ్లీషులో రాశాను: ఈ తీర్పు తిప్పడానికి వీల్లేనిదని, ఇక మామూలు అప్పీలుకి వీల్లేదని కోర్టు ముద్రతో ధ్రువీకరించారు. చక్కటి వాక్యం. కామా కూడా సరైన చోట పడింది.

ఏజెంటు ఒప్పుకున్నాడు. రెండు వారాల్లో ప్రయాణం, గురువారం మింగళాడోన్ నుంచి విమానం, సింగపూర్‌లో ఓడ. నూకరాజు లడ్డూల పెట్టెతో ఆఫీసుకొచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు.

"కేస్సా మషీబూ, మావా! ఇంకేటీ బయం నేదు." మొదటి మాట బర్మాది, ఏ ఇబ్బందీ లేదని. నేను లడ్డూ తిన్నాను.

మంగళవారం

ఆ లడ్డూ అరగలేదు. ఆ ఊదా గీత పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. వేరే తీర్పులు చేస్తున్నా అదే. పాత నకళ్లు తీసి ముద్రలు చూడటం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది. నిలిచిపోయిన తీర్పుల మీది ముద్రలన్నీ పలకలా ఉన్నాయి, అంచులు తిన్నగా ఉన్నాయి. నేను చూసిన గీత వంకరగా ఉంది. ముద్ర గీత వంకరగా ఉండదు. చేతిరాత ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం పని వదిలేసి బస్సెక్కాను. పజుందాంగ్ కాలువ వంతెన మీద బస్సు ఆగిపోయింది. దిగి నడిచాను. అప్పలమ్మ ఇంట్లో నూకరాజు సంచి సర్దుకుంటున్నాడు. దేవుడి అలమరలో అమ్మవారి పటం పక్కన ఆ కాయితం.

"ఒక్కసారి తియ్యాల, అప్పలమ్మా. మూల తుడిసి సూడాల."

"ఎందుకు? నువ్వు సదివినావు కదా?"

ఆవిడ అలమరకి అడ్డంగా నిలబడింది. నూకరాజు నా మొహం చూశాడు. కుర్రాడు తెలివైనవాడు.

"అమ్మా, తియ్యనీ" అన్నాడు.

గుడ్డ తడిపి అద్దాను. పసుపు నానింది, మెల్లగా వచ్చేసింది. కింద ఊదా సిరాతో గుమాస్తా చేతిరాత, రెండు వరుసలు. ప్రాసిక్యూటర్ అప్పీలు దాఖలు చేశాడని, దాని తేదీ. గడువు ఇంకా ఉండగానే వేసిన అప్పీలు.

"ఏటి రాసుంది, మావా?"

"అయిపోనేదురా. సర్కారు వకీలు పైకోర్టుకెళ్లినాడు."

"మరి అయిపోనాదని నువ్వే రాసినావు కదా?"

"సదవకుండా రాసినాను."

ఇరవై ఆరేళ్ల పనిలో నేను నోటితో చెప్పిన వాక్యాల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు.

నూకరాజు గుమ్మం బయటికి చూసి, గొంతు తగ్గించాడు. "ఎవులికి తెలుస్తాది మావా? ఏజెంటు దగ్గర నీ ఇంగ్లీసు కాయితం ఉంది. అమ్మని మళ్లీ పసుపెట్టీమను. ఎల్లుండి ఎలిపోతాను."

వెంటనే వద్దనలేదు నేను. పెద్ద నీతిమంతుణ్ణని మీరు అనుకోకూడదు, అందుకే చెబుతున్నాను. రెండు రోజులు నోరు మూసుకుంటే వాడికి ఓడ, నాకు పరువు. అప్పలమ్మ చేతిలో పసుపు డబ్బా కూడా ఉంది. కానీ కేసు అయిపోయిందనుకుని వీళ్లు చేతులు దులుపుకుంటే, పైకోర్టులో వాడి తరఫున మాట్లాడే మనిషే ఉండడు. అడిగేవాడు లేని కేసులో శిక్ష పడితే, ఓడ ఆ దేశం రేవులో ఆగిన రోజున వాడు దిగేది మళ్లీ జైల్లోకే. అదే చెప్పాను. నూకరాజు సంచిని గోడకేసి కొట్టాడు. అప్పలమ్మ నేను తుడిచిన మూలనే చూస్తూ కూర్చుంది.

"నీ సేత్తోనే రాసినావు. నీ సేత్తోనే తుడిసినావు. మా ఇంట్లోంచి ఎల్లు సూరన్నా" అంది.

సాక్ష్యం

బుధవారం సయామా మాండలే నుంచి వచ్చింది. సంచి కింద పెట్టనివ్వకుండా చెప్పేశాను. పసుపు సంగతీ, గోరు సంగతీ, లెక్కల సంగతీ. ఆవిడ అరిస్తే బాగుండేది. అరవలేదు.

"తప్పు పదం రాస్తే దిద్దుకోవచ్చు" అంది. "చూడనిదాన్ని చూశానని రాస్తే అది అనువాదం కాదు, ఊ సూర్యా. దొంగ సాక్ష్యం."

దిద్దుబాటు ఉత్తరం నాతోనే రాయించింది, నాతోనే ఏజెంటు ఆఫీసుకి పంపింది. ఏజెంటు నా ముందే జాబితాలో నూకరాజు పేరు కొట్టేశాడు. గురువారం విమానం వాడు లేకుండానే వెళ్లింది. ఆ మధ్యాహ్నమే సయామా ఇటలీలో ఒక వకీలుకి రాసి అప్పీలుకి జవాబు చెప్పే ఏర్పాటు మొదలుపెట్టింది. నన్ను పనిలోంచి తియ్యలేదు. అదే పెద్ద శిక్ష, ఎందుకంటే ఆ తర్వాత మూడేళ్లు ఆ ఉత్తరాలన్నీ అనువదించింది నేనే.

ఆ మూడేళ్లు నూకరాజు రోజూ పడవలో నది దాటి దలా వెళ్లి చేపల పడవలకి రంగులు వేశాడు. ఒకసారి పడవల రేవులో ఎదురుపడ్డాడు, చేతులకి నీలం రంగు. పలకరించబోయాను. మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు పిల్లలు అడుగుతారు, మీరు చేసింది సరైనదే కదా తాతగారూ అని. ఆ ఇటాలియన్ వకీలు ఒక ఉత్తరంలో ఏం రాశాడో చెప్తాను. విడుదలైన మనిషిని అప్పీలు ఉన్నంత మాత్రాన రేవులో పట్టుకోరట. ఆ మూడేళ్లూ వాడు ఓడ మీద ఉన్నా ఏమీ అయ్యేది కాదేమోనట. అదే ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది, మేం జవాబు దాఖలు చెయ్యకపోయి ఉంటే కేసు ఎటు పోయేదో తను చెప్పలేనని. రెండు వాక్యాలూ నేనే ఇంగ్లీషులోకి మార్చాను. ఈ రెండింటి మధ్యే నేను వరండాలోకీ లోపలికీ తిరుగుతుంటాను. మొదటి రోజే గోరు ఆడించి ఉంటే ఆశ పెట్టి లాక్కున్న పాపమైనా ఉండేది కాదు. ఆ ఒక్కటీ నాకు తెలుసు.

ఇప్పుడు ఫోను ముందు కాయితం పెడితే అదే అనువాదం చేసేస్తుందట. మా మనవరాలు చేసి చూపించింది. ఫోనుకి కనిపించనిది వదిలేసింది. నేను కనిపించనిదాన్ని కనిపించిందని రాసినవాణ్ణి. ఆ లెక్కన ఫోనే నయం. మీరు ఫోను కంటే నయంగా ఉండాలంటే మరక ఎక్కడ ఉందో అక్కడ ఆగండి. కింద ఏముందో తెలియకపోతే, ఇక్కడ మరక ఉంది, చదవలేకపోయాను అని రాయండి. ఆ వాక్యానికి సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు.

రేకు డబ్బా

మూడేళ్ల తర్వాత పైకోర్టు కూడా నూకరాజుని విడుదల చేసింది. ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది గానీ, తీర్పు నకలు రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అది తాకేటాకే వెళ్లింది. అప్పటికి వాడి ఓడ పుస్తకాన్ని ఏ ఏజెంటూ తెరిచి చూడటం లేదు. అన్నేళ్లు ఖాళీ ఉన్నవాణ్ణి ఎవరు ఎక్కిస్తారు, ఎదురుగా వందమంది కుర్రాళ్లు నిలబడి ఉండగా. వాడు మళ్లీ ఓడ ఎక్కలేదు.

ఒక ఉదయం కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. అప్పలమ్మ నాలుగంతస్తులు ఎక్కి ఆఫీసుకొచ్చింది. ఆ మంగళవారం తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదటిసారి. చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో చిన్న రేకు డబ్బా. కూర్చోమన్నాను. కూర్చోలేదు. కవరు బల్ల మీద పెట్టింది.

"ముందు సదువు. ముందూ ఎనకా సదువు. పసుపు తరవాత."

కాయితం శుభ్రంగా ఉంది. ఒక్క మచ్చ లేదు. కిటికీ దగ్గరికి వెళ్లాను. చివరి పేజీ, అంచులు, వెనక. పలకలాంటి ముద్ర, తిన్నటి అంచులు, తేదీ, సంతకం. మూడుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివాను.

"అంటే ఏటి?"

"ఇర్రెవొకాబిలే. ఇంక దీన్ని ఎవులూ తిప్పలేరు, అప్పలమ్మా."

"ఎవులూ?"

"ఎవులూ."

ఆవిడ ఆ ముద్ర మీద వేలు పెట్టింది.

"మరి ఆడి మూడేళ్లు ఎవులు తిప్పుతారు, సూరన్నా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. డబ్బా మూత తీసి బల్ల మీద నా వైపుకి నెట్టింది.

"రాత నేని సోటు సూసి నువ్వే ఎట్టు" అంది.

కాయితం వెనక్కి తిప్పాను. వెలుతురుకి ఎత్తి చూశాను, దించి, మళ్లీ ఎత్తి చూశాను. తర్వాత వేలు పసుపులో ముంచి, రాత తగలకుండా నాలుగు మూలలా నేనే పెట్టాను.